చార్లీ రస్సెల్ పశ్చిమం: చూసిందెంత, విన్నదెంత, ఊహించిందెంత

పోస్టుకార్డంత కాగితం, దాని మీద నీటిరంగులు. మంచులో ఒంటరిగా నిలబడ్డ పశువు. డొక్కలు లోపలికి పోయాయి, తుంటి ఎముకలు చర్మాన్ని పొడుచుకొస్తున్నాయి. కాస్త దూరంలో తోడేళ్లు. వాటికి తొందరేమీ లేదు, పశువు దానంతటదే కూలుతుందని వాటికి తెలుసు.

1887 తొలి నెలల్లో అమెరికాలో మోంటానాలోని జూడిత్ బేసిన్ అనే చోట చార్లెస్ మారియన్ రస్సెల్ అనే ఇరవై రెండేళ్ల పశువుల కాపరి ఈ బొమ్మ వేశాడు. మంద ఎలా ఉందో చెప్పమని హెలెనా పట్టణం నుంచి యజమాని ఉత్తరం రాశాడు. జవాబుగా ఈ కాగితం వెళ్లింది. అయిదు వేల పశువుల్లో మిగిలింది ఇదొక్కటే అన్నట్టు దానికి ఇంకో పేరు కూడా ఉంది. యజమాని దాన్ని అందరికీ చూపించాడు. అలా నోటా నోటా పాకి రస్సెల్ పేరు మోంటానా అంతా తెలిసింది.

ఈనాటికీ అమెరికా పశ్చిమాన్ని చూడాలనుకునేవాళ్లు మొదట తిరగేసే బొమ్మలు రస్సెల్‌వే. గ్లేసియర్ నేషనల్ పార్క్‌కు కారేసుకుని వెళ్లే మన తెలుగు కుటుంబాలకు కూడా దారిలో గిఫ్ట్ షాపుల్లో, హోటల్ గోడల మీద ఈయన గుర్రాలు, బైసన్ దున్నల మందలు, కౌబాయ్‌లు కనిపిస్తూనే ఉంటాయి. అప్పట్లో ఇక్కడ ఇలాగే ఉండేదన్నమాట అనుకుంటూ చూస్తాం. ఇలాగే ఉండేదా? కొన్ని బొమ్మల విషయంలో అవును. కొన్నింటి విషయంలో సగం. మరికొన్నింటిలో రస్సెల్ చూడని, చూసే వీలే లేని పశ్చిమం ఉంది. ఏ బొమ్మ ఏ కోవలోదో తేల్చడానికి తేదీలు, వాతావరణం, పశువుల నడవడి, గుర్రపు బండి తోలే పద్ధతి లాంటివి చిత్రకళ పుస్తకాలకన్నా ఎక్కువ పనికొస్తాయి.

“వెస్టర్న్” అంటే ఏ పశ్చిమం

ముందు మాటల చిక్కు విప్పాలి. మనకు పాశ్చాత్య కళ అంటే యూరప్ కళ. అమెరికన్లు వెస్టర్న్ ఆర్ట్ అన్నప్పుడు చెప్పేది వేరు. మిసిసిపి నదికి పడమర ఉన్న మైదానాలు, రాకీ పర్వతాలు, ఎడారులు, అక్కడి మనుషులు, జంతువులు, పశువుల కొట్టాలు, బండ్లు. వీటిని గీసే సంప్రదాయానికే ఆ పేరు. 1971లో కృష్ణ టోపీ పెట్టి గుర్రమెక్కినప్పటి నుంచి ఆ లోకం మనకూ తెలుసు, కాకపోతే తుపాకుల వైపు నుంచి తెలుసు.

ఈ సంప్రదాయంలో మూడు పాయలున్నాయి. మొదటిది ప్రకృతి దృశ్యం. దీనికి పెద్ద పేరు థామస్ మోరన్. 1871లో ప్రభుత్వ సర్వే బృందంతో యెల్లోస్టోన్ వెళ్లాడు. అక్కడ ఆయన వేసిన నీటిరంగుల బొమ్మలూ, అదే బృందంలోని విలియం హెన్రీ జాక్సన్ తీసిన ఫొటోలూ అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ సభ్యులకు చూపించారు. 1872 మార్చి 1న యెల్లోస్టోన్ జాతీయ పార్కు అయింది. అదే ఏడు మోరన్ వేసిన యెల్లోస్టోన్ లోయ పెద్ద చిత్రాన్ని కాంగ్రెస్ 10,000 డాలర్లకు కొన్నది. రెండోది వన్యప్రాణులు. ఇందులో జర్మనీ నుంచి వచ్చిన కార్ల్ రుంజియస్‌ది పెద్ద పేరు. మూస్, ఎల్క్ అనే పెద్ద దుప్పుల, కొండగొర్రెల దేహాలను ఆయనంత కచ్చితంగా వేసినవాళ్లు అరుదు. మూడోది పశుపోషణ, బండ్లు, గుడారాలు, కాపరుల బతుకు. ఇదే గ్రామీణ వారసత్వపు పాయ.

మూడింటిలోనూ చేయి తిరిగినవాడు రస్సెల్. ఆయన బొమ్మల్లో ఏది నిజం అన్న ప్రశ్న చిక్కుపడటానికి ఇదీ ఒక కారణం. ఒకే బొమ్మలో కొండ కళ్లారా చూసింది, గుర్రం చేత్తో తడిమి తెలుసుకున్నది, మనుషులు విన్న కథలోంచి వచ్చినవాళ్లు కావచ్చు.

రస్సెల్ చూడగలిగింది ఎంత

ఆయన పుట్టింది 1864 మార్చి 19న, సెయింట్ లూయిస్‌లో కలిగిన కుటుంబంలో. మోంటానా చేరింది 1880లో, పదహారేళ్ల వయసులో. మొదట గొర్రెల దగ్గర పని, అది కుదరలేదు. తర్వాత జేక్ హూవర్ అనే వేటగాడి దగ్గర దాదాపు రెండేళ్లు ఉన్నాడు. హూవర్ వేటాడిన జింకల్నీ ఎల్క్‌లనీ కోస్తుంటే పక్కన కూర్చుని కండ ఎక్కడ మొదలై ఎక్కడ ఎముకకు అతుకుతుందో చూశాడు. చిత్రకళాశాల మెట్లెక్కి నేర్చుకున్నది దాదాపు లేనట్టే. ఆయనకు శరీర నిర్మాణ పాఠం చెప్పింది ఆ మాంసం కొట్టమే.

1882 నుంచి 1893 దాకా పశువుల మందల దగ్గర పని. అందులోనూ ఎక్కువగా రాత్రి కాపలా. పగలు కాపరులు ఎక్కే గుర్రాలు రాత్రి మేత మేస్తూ చెదిరిపోకుండా చూడటం, మంద బెదరకుండా చుట్టూ తిరగడం ఆ ఉద్యోగం. జీతం తక్కువ, గౌరవం ఇంకా తక్కువ. బొమ్మలు వేసేవాడికి మాత్రం ఇంతకన్నా మంచి కొలువు లేదు, ఎందుకంటే పగలంతా ఖాళీ. మిగతావాళ్లు పని చేస్తుంటే కూర్చుని గీసుకోవచ్చు. ఆయన రాత్రి దృశ్యాల్లో వెన్నెల, నిప్పుల వెలుగు ఒకదాని మీద ఒకటి పడే తీరు అంత నమ్మకంగా ఉండటానికి పదకొండేళ్ల రాత్రి కాపలా కారణమని నా నమ్మకం.

1888లో సరిహద్దు దాటి కెనడాలోని ఆల్బర్టాలో కొన్ని నెలలు కైనాయ్ ప్రజల పొరుగున గడిపాడు. బ్లాక్‌ఫీట్ అనే మూలవాసి సమూహాల్లో వీళ్లొకరు. గుడారం నిలబెట్టే తీరు, జీను కుట్టు, సైగల భాష ఆయన బొమ్మల్లోకి వచ్చాయి. 1896లో నాన్సీ కూపర్‌ను పెళ్లి చేసుకున్నాడు, మరుసటేడు గ్రేట్ ఫాల్స్‌లో కాపురం పెట్టారు. బేరం ఆడటం, ధర చెప్పటం, ప్రదర్శనలు పెట్టించటం అంతా నాన్సీయే. 1903లో ఇంటి పక్కన టెలిఫోన్ స్తంభాల దుంగలతో ఆయన స్టూడియో కట్టారు, అది ఇప్పటికీ అక్కడే మ్యూజియంలో భాగంగా ఉంది. 1911లో న్యూయార్క్‌లో సొంత ప్రదర్శన. 1926 అక్టోబర్ 24న గ్రేట్ ఫాల్స్‌లోనే కన్నుమూశాడు. దాదాపు 4,000 కళాకృతులు మిగిలాయి.

ఈ తేదీల్లో ఒక ముఖ్యమైన విషయం దాగి ఉంది. పేరున్న పెద్ద తైలవర్ణ చిత్రాల్లో ఎక్కువ భాగం 1905 తర్వాతివి. కాపరిగా పని మానేసింది 1893లో. అంటే ఆయన గొప్ప బొమ్మల్లో ఎక్కువ భాగం ఎదుట నిలబడి వేసినవి కావు, గుర్తు తెచ్చుకుని వేసినవి.

మొదటి నమూనా: చినూక్ కోసం ఎదురుచూపు

మంచులో నిలబడ్డ ఆ పశువు బొమ్మ పేరు “చినూక్ కోసం ఎదురుచూపు”. చినూక్ అంటే ఏమిటో తెలిస్తేగానీ ఈ బొమ్మ పూర్తిగా అర్థం కాదు.

అది రాకీ పర్వతాల తూర్పు వాలు మీదుగా దిగే వెచ్చని పొడిగాలి. పసిఫిక్ సముద్రం నుంచి వచ్చే తేమగాలి పర్వతం ఎక్కుతూ చల్లబడుతుంది. తేమ మేఘం కట్టక ముందు కిలోమీటరుకు దాదాపు 10 డిగ్రీలు తగ్గుతుంది. మేఘం కట్టాక నీటి ఆవిరి వేడిని వదులుతుంది కాబట్టి దాదాపు 6 డిగ్రీలే తగ్గుతుంది. అవతల దిగేటప్పుడు గాలి పొడిగా ఉంటుంది, అందుకని పూర్తిగా కిలోమీటరుకు 10 డిగ్రీల చొప్పున వేడెక్కుతుంది.

లెక్క వేసి చూద్దాం. పడమటి వైపు 500 మీటర్ల ఎత్తులో గాలి 5 డిగ్రీల సెల్సియస్ అనుకుందాం. 1,500 మీటర్ల దగ్గర మేఘం కట్టేసరికి మైనస్ 5. అక్కణ్ణుంచి 3,000 మీటర్ల శిఖరానికి మరో 9 డిగ్రీలు తగ్గి మైనస్ 14. అవతల 1,000 మీటర్ల ఎత్తున్న మైదానానికి, అంటే దాదాపు గ్రేట్ ఫాల్స్ ఎత్తుకు, దిగేసరికి 20 డిగ్రీలు పెరిగి ప్లస్ 6. పడమటి వైపు అదే 1,000 మీటర్ల దగ్గర ఈ గాలే సున్నా డిగ్రీల్లో ఉంది. కొండ ఎక్కి దిగినందుకు 6 డిగ్రీలు లాభం. ఆ సమయానికి మైదానం మీద ఉత్తర ధ్రువం నుంచి దిగిన మైనస్ 25 చలి కూర్చుని ఉంటే, చినూక్ దాన్ని తోసేసిన కొన్ని గంటల్లో 30 డిగ్రీల తేడా వస్తుంది. మోంటానాలోని లోమా అనే చిన్న ఊళ్లో 1972 జనవరి 14, 15 తేదీల్లో 24 గంటల్లో ఉష్ణోగ్రత మైనస్ 54 ఫారెన్‌హీట్ నుంచి ప్లస్ 49కి ఎగబాకింది. 103 ఫారెన్‌హీట్ డిగ్రీల తేడా.

ఇప్పుడు ఆ పశువు దగ్గరికి వద్దాం. 1886 వేసవిలో వానల్లేవు. గడ్డి పలుచబడింది, ఉన్న గడ్డి మీద మోయలేనన్ని పశువుల్ని వదిలారు. చలికాలానికి ఎండుగడ్డి దాచే అలవాటు ఆ పెద్ద మందల యజమానులకు లేదు, మైదానమే మేపుతుందని ధీమా. మంచు తొందరగా మొదలై లోతుగా పడింది. మధ్యలో కాస్త కరిగి మళ్లీ గడ్డకట్టడంతో పైన పెంకు కట్టింది. అరకొర వెచ్చదనం అసలు రాకపోవడంకన్నా చెడ్డది, అది పెంకును ఇంకా గట్టి పరుస్తుంది.

ఇక్కడ జంతువుల నడవడి తేడా చావుబతుకుల తేడా అయింది. గుర్రం ముందుకాలి డెక్కతో మంచును గోకి కింద గడ్డి తీసుకుంటుంది. బైసన్ బరువైన తలను అటూ ఇటూ ఊపి మంచును ఊడ్చేస్తుంది. ఆవులూ ఎద్దులూ మూతితో తోస్తాయి, పెంకు కట్టిన మంచు మీద మూతి చీరుకుపోతుంది. మంచు తుపాను వస్తే బైసన్ దానికి ఎదురు నిలబడుతుంది. పశువు గాలికి వీపు తిప్పి నడుస్తూ పోతుంది. లోయలోనో కంచె దగ్గరో ఆగిపోయి అక్కడే గుట్టలుగా చనిపోతుంది. రస్సెల్ బొమ్మలోని పశువు నడవటం లేదు, వెతకటం లేదు, నిలబడి ఉంది. నడిచే దశ దాటిపోయిన పశువు అది.

ఈ బొమ్మ చూసిందే, సందేహం లేదు. ఆ శీతాకాలం ఆయన ఆ కొట్టం దగ్గరే ఉన్నాడు. అంకె మాత్రం వేరు సంగతి. అయిదు వేలలో ఒకటి అన్నది లెక్క కాదు, దుఃఖం. నష్టం ఒక్కో మందకు ఒక్కోలా ఉంది, సగానికి పైగా పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు. వాళ్లలో చాలామంది ఆ తర్వాత మందలు తగ్గించి, కంచెలు వేసి, ఎండుగడ్డి దాచడం మొదలుపెట్టారు. రస్సెల్ తర్వాతి బొమ్మల్లో కనిపించే కంచెల్లేని మైదానం ముగియడం మొదలైంది ఆ చలికాలంలోనే.

రెండో నమూనా: నేల దేవుడిదై ఉన్నప్పుడు

1914లో హెలెనాలోని ఒక క్లబ్బు కోసం వేసిన తైలవర్ణం ఇది. పేరు “నేల దేవుడిదై ఉన్నప్పుడు”. మిజోరి నది దాటిన బైసన్ మంద గట్టెక్కి మన మీదికే వస్తున్నట్టు ఉంటుంది. ముందున్న దున్న వెంట్రుకల్లోంచి నీళ్లు కారుతుంటాయి. పక్కన తోడేళ్లు, వెనక కనుచూపు మేర నది. మనిషి జాడ ఎక్కడా లేదు.

అమెరికన్లు బైసన్‌ను బఫెలో అంటారు. మన గేదెకూ దానికీ సంబంధం లేదు, పోలిక చెప్పాలంటే మన అడవిదున్నతో చెప్పాలి.

తేదీలు పక్కపక్కన పెడితే సంగతి తెలుస్తుంది. ఉత్తర మైదానాల బైసన్ మంద 1883, 1884 నాటికి తోళ్ల వేటలో దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. రస్సెల్ వచ్చింది 1880లో. చివరి మందల్ని చూసి ఉండొచ్చు. నది నిండా బైసన్ ఉన్న మైదానాన్ని, అదీ మనిషి అడుగు పడని మైదానాన్ని ఆయన చూసే అవకాశం లేదు. జంతువు దేహం చూసింది, కొండా వెలుగూ చూసినవే, సందర్భం ఊహ.

మనిషిని తీసేయడంలోనూ ఒక చిక్కు ఉంది. ఆ నేల మనుషులు లేని నేల ఎప్పుడూ కాదు. తెల్లవాళ్లు రాక ముందు వేల ఏళ్లుగా అక్కడ మూలవాసులు బైసన్‌ను వేటాడుతూ, గడ్డిని తగలబెట్టి కొత్త చిగురు రప్పిస్తూ ఉన్నారు. దేవుడిది అనడంలో రస్సెల్ ఉద్దేశం తెల్లవాళ్ల ఆస్తి కాక ముందు అని. చూసేవాళ్లకు అది ఎవరిదీ కాని నేల అని వినిపిస్తుంది. ఈ రెండు అర్థాల మధ్య దూరం చిన్నది కాదు. అయినా ఆ ముందరి దున్న భుజం దగ్గర తడిసిన జుట్టు కిందికి వేలాడే తీరు, నీళ్ల బరువుకు నడక మందగించిన తీరు చూస్తే ఊహలోని దృశ్యం కోసం కూడా ఆయన చూసిన జంతువునే తెచ్చి పెట్టాడని తెలుస్తుంది.

మూడో నమూనా: శాసనసభ గోడ మీది చరిత్ర

రస్సెల్ వేసిన అతి పెద్ద బొమ్మ హెలెనాలో మోంటానా ప్రతినిధుల సభలో స్పీకర్ కుర్చీ వెనక ఉంది. వెడల్పు 25 అడుగులు, ఎత్తు 12 అడుగులు. 1912లో దీనికి రాష్ట్రం 5,000 డాలర్లు ఇచ్చింది. అంత కాన్వాసు పట్టక దుంగల స్టూడియో కప్పును ఎత్తించాల్సి వచ్చింది. విషయం 1805 సెప్టెంబర్ 4న అమెరికా ప్రభుత్వం పడమరకు పంపిన లూయిస్, క్లార్క్ యాత్రా బృందం రాస్ హోల్ అనే చోట సేలిష్ మూలవాసులను కలవడం. అంటే చిత్రకారుడు పుట్టడానికి 59 ఏళ్ల ముందు సంగతి. ఇది పూర్తిగా విన్నదీ చదివిందీ.

హోల్ అంటే గుంత కాదు, చుట్టూ కొండలున్న చిన్న లోయ. రాస్ అన్న పేరు 1824లో అక్కడ చిక్కుబడ్డ బొచ్చు తోళ్ల వ్యాపారి అలెగ్జాండర్ రాస్ వల్ల వచ్చింది. కాబట్టి ఆ సమావేశం జరిగినప్పుడు ఆ లోయకు ఆ పేరే లేదు.

క్లార్క్ దినచర్యలో ఆ రోజు లెక్కలున్నాయి. 33 గుడారాలు, దాదాపు 400 మంది, అందులో 80 మంది మగవాళ్లు, కనీసం 500 గుర్రాలు. మర్నాడు బృందం 11 గుర్రాలు కొని, 7 మార్పిడి చేసుకుంది. రాకీలు దాటడానికి వాళ్లకు గుర్రాలు కావాలి. బేరంలో చేయి ఎవరిది పైనో ఆ అంకెలే చెబుతాయి.

ఇప్పుడు బొమ్మ చూద్దాం. అలాంటి ప్రభుత్వ చిత్రాల్లో యాత్రికులు మధ్యలో, ఎత్తున, వెలుగులో ఉంటారు. మూలవాసులు అంచుల్లో చూస్తూ నిలబడతారు. రస్సెల్ దాన్ని తిరగేశాడు. మధ్యలో దుమ్ము లేపుకుంటూ వచ్చే సేలిష్ గుర్రపు రౌతులు. లూయిస్, క్లార్క్ బృందం ఒక పక్కగా, చిన్నగా ఉంటుంది. చట్టాలు చేసే సభలో స్పీకర్ తల మీదుగా రోజూ కనిపించేది ఆ నేల పాతవాళ్లు.

ఆయన మూలవాసుల పక్షాన ఉన్నాడనడానికి దీన్ని రుజువుగా చాలామంది చూపిస్తారు, ఆధారం లేకపోలేదు. భూమి లేకుండా తిరుగుతున్న చిప్పెవా, క్రీ ప్రజల కోసం ఆయన గొంతెత్తాడు. 1916లో వాళ్లకు రాకీ బాయ్ రిజర్వేషన్ ఏర్పడింది. ఇక్కడ రిజర్వేషన్ అంటే మూలవాసులకు కేటాయించిన భూభాగం. కానీ ఆ బొమ్మ గోడకెక్కిన నాటికి సేలిష్ ప్రజలు ఆ లోయకు దగ్గర్లోని బిటర్‌రూట్‌లో లేరు. 1891లోనే వాళ్లలో చివరివాళ్లను అక్కణ్ణుంచి ఫ్లాట్‌హెడ్ రిజర్వేషన్‌కు తరలించారు. ఆ రిజర్వేషన్ భూములను కూడా 1910లో బయటివాళ్ల సాగుకు తెరిచారు. చట్టసభ గోడ మీద వాళ్లకు నడిమి చోటు దొరికింది, నేల మీద లేదు. ఈ బొమ్మను గౌరవమని చదివేవాళ్లు ఉన్నారు, పోగొట్టుకున్నవాళ్లకు కట్టిన స్మారకమని చదివేవాళ్లూ ఉన్నారు. రెండు చదువులూ బొమ్మలోంచే వస్తాయి.

పని తెలిసినవాడి గీత

ఒక విషయంలో మాత్రం వాదం తక్కువ. పనిముట్లు, జీన్లు, బండ్లు, వాటిని వాడే పద్ధతి. ఇక్కడ రస్సెల్ తప్పు పట్టుకోవడం కష్టం.

1912 నాటి “జెర్క్‌లైన్” బొమ్మ తీసుకుందాం. రైలు రాని ఊళ్లకు సరుకు మోసిన పెద్ద బండ్ల కాలం అది. పది, పన్నెండు, అంతకన్నా ఎక్కువ గుర్రాలనో కంచర గాడిదలనో జతలు జతలుగా కడితే అన్నింటికీ పగ్గాలు పట్టడం ఒక మనిషి వల్ల కాదు. అందుకని ఒకే ఒక్క తాడు. అది ఎడమ వరుస పొడుగునా సాగి, అన్నింటికన్నా ముందున్న ఎడమ గుర్రం కళ్లేనికి చేరుతుంది. తోలేవాడు బండి మీద కూర్చోడు, బండికి ఆనుకుని ఉన్న చివరి జతలో ఎడమ గుర్రం ఎక్కుతాడు. తాడును ఆపకుండా లాగితే ముందు గుర్రం ఎడమకు తిరగాలని అర్థం. వరసగా కుదుపులిస్తే కుడికి. ముందు గుర్రం తిరిగితే మిగతావన్నీ గొలుసు వెంట తిరుగుతాయి. మలుపులో మధ్య జతలు గొలుసు మీదుగా అడుగేసి పక్కకు జరగాలి, లేకపోతే బండి మలుపును కోసుకుంటూ లోయలోకి జారుతుంది. ఇది తెలియని చిత్రకారుడు నాలుగు పగ్గాలు చేతిలో పెట్టి బండి మీద మనిషిని కూర్చోబెడతాడు. రస్సెల్ కూర్చోబెట్టలేదు.

1925లో, చనిపోవడానికి ఏడాది ముందు వేసిన “నవ్వు ఒంటరితనాన్ని చంపుతుంది” కూడా ఈ కోవదే. వెన్నెల రాత్రి, వంట బండి, నిప్పు చుట్టూ కాపరులు. వాళ్లలో నిలబడి ఉన్న ఒక మనిషి రస్సెల్ తనే. దృశ్యం నలభై ఏళ్ల నాటిది. చూసిందే, కానీ జ్ఞాపకం వడపోసింది. చలీ బురదా పేలూ జీతం ఎగవేతా వడపోతలో పోయాయి, నిప్పూ నవ్వూ మిగిలాయి. పశ్చిమ బొమ్మల మీద వచ్చే నోస్టాల్జియా విమర్శకు ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు. ఇంతకన్నా నన్ను కదిలించే రస్సెల్ బొమ్మా లేదు.

వాదం ఎక్కడ మొదలైంది

1991లో వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ వారి అమెరికన్ కళా మ్యూజియం “వెస్ట్ యాజ్ అమెరికా” అనే ప్రదర్శన పెట్టింది. 1820 నుంచి 1920 దాకా వేసిన పశ్చిమ బొమ్మల పక్కన కొత్త వివరణ పలకలు పెట్టారు. ఈ బొమ్మలు పశ్చిమం గురించి చెప్పేదానికన్నా, వాటిని కొన్న తూర్పు నగరాల ధనికుల కోరికల గురించీ భయాల గురించీ ఎక్కువ చెబుతాయన్నది వాటి సారాంశం. సందర్శకుల పుస్తకాలు కోపంతోనూ మెచ్చుకోళ్లతోనూ నిండాయి. సెనేటర్లు మండిపడ్డారు. తర్వాత వేరే నగరాలకు వెళ్లాల్సిన ప్రదర్శన రద్దయింది.

విమర్శకుల వైపు బలమైన ఆధారాలున్నాయి. బొమ్మలు కొన్నవాళ్లలో చాలామంది తూర్పువాళ్లు. రస్సెల్ చిత్రాల్లో ముట్టడి, ద్వంద్వ యుద్ధం లెక్కకు మించి కనిపిస్తాయి, ఆయన కాపరి జీవితంలో అలాంటివి దాదాపు లేవు. 1896 నుంచి వేసిన “కీయోమా” బొమ్మల్లో తోళ్ల మీద వాలి పడుకున్న మూలవాసి స్త్రీ యూరప్ చిత్రకారుల అంతఃపుర సుందరికి చెల్లెలు. దానికి నమూనాగా కూర్చున్నది నాన్సీయేనని చెబుతారు. అక్కడ చూసిందీ లేదు, విన్నదీ లేదు, అరువు తెచ్చుకున్నదే ఉంది.

ఎదుటి వాదమూ తేలిక కాదు. కొనేవాళ్ల కోసమే వేసేవాడైతే 1887లో ఆ పోస్టుకార్డు బొమ్మ ఎవరి కోసం? శాసనసభలో యాత్రికుల్ని పక్కకు జరపమని ఎవరూ అడగలేదు. పైగా ఈయన మిగతావాళ్లలా రెండు నెలలు వచ్చి స్కెచ్ పుస్తకం నింపుకుపోయినవాడు కాదు, అక్కడే బతికి అక్కడే పోయినవాడు. నాకు ఒక్కో బొమ్మను విడిగా తూచడమే సబబుగా కనిపిస్తుంది. రస్సెల్ అంతటికీ కలిపి ఒకే తీర్పు ఇస్తే కీయోమానూ చినూక్‌నూ ఒకే తక్కెడలో వేసినట్టవుతుంది.

చేతిలో ఉన్నది రస్సెలేనా

నిజం అన్న ప్రశ్నకు ఇంకో అర్థం కూడా ఉంది. గోడకు తగిలించిన ఈ వస్తువు ఆయన చేతిదేనా? 2005లో ఆయన “పీగన్స్” చిత్రం వేలంలో 56 లక్షల డాలర్లు పలికింది. అంత ధర ఉన్న చోట నకళ్లూ ఉంటాయి. అచ్చు బొమ్మల గందరగోళం ఇంకా ఎక్కువ. కారణం సులువు. ఆయన బతికుండగా అచ్చైన బొమ్మలన్నీ అమెరికాలో పబ్లిక్ డొమైన్‌లో ఉన్నాయి, ఎవరైనా అచ్చేసుకోవచ్చు. క్యాలెండర్ కంపెనీలు దశాబ్దాలుగా అచ్చేశాయి కూడా.

పది రెట్లు పెద్దది చేసే భూతద్దంతో చూస్తే మూడు రకాలు విడిపోతాయి. ఆఫ్‌సెట్ అచ్చులో నీలం, గులాబీ, పసుపు, నలుపు చుక్కలు పువ్వు ఆకారంలో వరసగా కనిపిస్తాయి. ఇంక్‌జెట్ అచ్చులో, అంటే గ్యాలరీలు జిక్లే అని పెద్ద పేరు పెట్టి అమ్మేదానిలో, చుక్కలు చిలకరించినట్టు క్రమం లేకుండా ఉంటాయి. అసలు నీటిరంగులో చుక్కలే ఉండవు. రంగు కాగితపు గుంతల్లోకి దిగి ఉంటుంది, తడి ఆరిన చోట ముదురు అంచు కడుతుంది, మెరుపుల కోసం రస్సెల్ వాడిన దట్టమైన తెలుపు పైకి తేలి ఉంటుంది. కాన్వాసు మీద అచ్చేసి పైన పారదర్శకమైన జిగురుతో కుంచె గీతలు దిద్దిన వాటిని ఏటవాలు వెలుగులో చూస్తే చాలు. గీత ఒక దారిన, బొమ్మలోని రూపం మరో దారిన పోతుంటాయి.

పెన్సిల్‌తో 312/950 అని రాసి ఉన్న రస్సెల్ అచ్చు ఉందనుకుందాం. 950 ప్రతులు మాత్రమే వేశారనీ, ఇది 312వదనీ ఆ అంకె చెబుతుంది. బతికున్న చిత్రకారుడి విషయంలో పక్కనే ఆయన పెన్సిల్ సంతకం ఉంటుంది, విలువ దాన్నిబట్టి. 1926లో పోయినవాడు ఆధునిక ఆఫ్‌సెట్ అచ్చు మీద సంతకం పెట్టలేడు. మూలన కనిపించే సంతకం బొమ్మతో పాటు అచ్చైనదే. ఆ అంకె ప్రచురణకర్త మాట, రస్సెల్ మాట కాదు. అందం కోసం కొంటే తప్పేమీ లేదు, పెట్టుబడి అనుకుంటేనే మోసపోయేది.

కంచు బొమ్మలది మరో తంటా. రస్సెల్ చేతిలో ఎప్పుడూ మైనం ముద్ద ఉండేది, మాట్లాడుతూనే జంతువుల్ని మలిచేవాడు. 1904లో మొదటిసారి ఒకదాన్ని కంచులో పోయించాడు. పద్ధతి మైనపు పోత, అంటే మైనపు బొమ్మ చుట్టూ అచ్చు కట్టి, మైనం కరిగించి, ఆ ఖాళీలో కంచు పోయడం. ఆదిలాబాద్‌లో ఓజులు డోక్రా బొమ్మలు పోసేదీ మూలంలో ఇదే. తేడా ఒకటుంది. ఓజులు ప్రతి బొమ్మకూ మైనాన్ని చేత్తో కొత్తగా చుడతారు, అందుకే ఏ రెండూ ఒకటి కావు. అమెరికన్ పోత కొట్టాల్లో అసలు నమూనా నుంచి ఒక మూల అచ్చు తీసి దాచుకుంటారు. దాన్నుంచి ఎన్ని మైనపు ప్రతులైనా తీసి పోయవచ్చు. చిత్రకారుడు పోయాక కూడా పోయవచ్చు. రస్సెల్ విషయంలో అలా పోసినవి చాలా ఉన్నాయి. వాటిలో అనుమతితో పోసినవీ ఉన్నాయి, కంచు బొమ్మ మీదే అచ్చు తీసి దొంగచాటుగా పోసినవీ ఉన్నాయి.

దొంగ పోతను కొలబద్ద పట్టిస్తుంది. కంచు చల్లారినప్పుడు దాదాపు 1.5 శాతం కుంచించుకుపోతుంది. సరైన పోత 40 సెంటీమీటర్లు ఉంటే, దాని మీద అచ్చు తీసి పోసింది 39.4 వస్తుంది. దాని మీద మళ్లీ తీసింది 38.8. పన్నెండు మిల్లీమీటర్ల తేడా కంటికి ఆనదు, కొలిస్తే తెలుస్తుంది. దాంతో పాటు గుర్రం జూలులో పోగులు, కళ్లెపు వార్ల అంచులు మొద్దుబారతాయి. అందుకే మ్యూజియం ప్రతుల కొలతలతో పోల్చి చూడటం మొదటి పని.

సంతకం దగ్గరే చాలామంది బోల్తా పడతారు. పేరు కింద ఎద్దు తలలాంటి చిన్న గుర్తు, బైసన్ పుర్రె, అదే రస్సెల్ ముద్ర. దాన్ని గీయడం తేలిక, కాబట్టి నకలు చేసేవాడు మొదట నేర్చుకునేది అదే. పుర్రె ఆకారం ఏళ్లు గడిచేకొద్దీ మారింది. నకళ్లలో తరచూ ఏమవుతుందంటే, 1890ల పేరు రాత కింద 1910ల పుర్రె కూర్చుంటుంది.